మూడు ఊళ్ల మొగులు

మా ఇంట్లో పొద్దున కాఫీ వేళకు విశాల ఫోన్ మోగేది. సిరిసిల్ల నుంచి భూలక్ష్మి. విశాల నా భార్య. బ్యాంకు ఉద్యోగం చేసే రోజుల్లో ఆమెను వరసగా జగిత్యాలకు, కోరుట్లకు, సిరిసిల్లకు బదిలీ చేశారు. నేను తెనాలిలో కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. పిల్లలు లేరు. సెలవులకు ఆమే వచ్చేది. నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. సిరిసిల్లలో ఆమె అద్దెకున్న గది పక్క వాటాలో భూలక్ష్మి ఉండేది. విశాల తెనాలికి వచ్చేశాక కూడా ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. మొదట్లో ఆదివారాలు, తర్వాత రోజూ.

ఆ మాటలు నాకు వినిపిస్తూ ఉండేవి. "మొగులెట్లుంది అక్కా?" అని అటునుంచి. మొగులంటే వాళ్ల మాటలో ఆకాశం, మబ్బు రెండూ. "మబ్బు పట్టింది, ఇడ్లీ పిండి పొంగి గిన్నె దాటింది" అని ఇటునుంచి. వీధి తలుపు ఉబ్బి గడియ పడటం లేదని ఒకరోజు, ఉప్పు నీరుగారిందని ఒకరోజు, దుప్పట్లు ఎండకు అప్పడాల్లా అయ్యాయని ఇంకోరోజు. ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి ఇదే ఎలా మాట్లాడుకుంటారో నాకు అర్థమయ్యేది కాదు. నేను పేపరు చదువుకునేవాణ్ణి.

విశాల ఏప్రిల్లో పోయింది. నిద్రలో గుండె ఆగిపోయిందన్నారు. కర్మలు అయ్యేదాకా ఆమె ఫోన్ బీరువాలో ఉంది. తర్వాత తీసి ఛార్జింగ్ పెట్టాను. మర్నాడే మోగింది. చెప్పడానికే తీశాను.

"బావా, మీరా? ఆడ మొగులెట్లుంది?" అంది భూలక్ష్మి.

ఎండగా ఉందన్నాను.

"ఈడ గూడ మండుతంది. అక్క పనిల ఉన్నట్టుంది. మల్ల జేస్త."

మర్నాడూ అంతే. ఆ తర్వాత నేను ఫోన్లో వాతావరణం చూసిపెట్టుకుని సిద్ధంగా ఉండటం మొదలుపెట్టాను. ఇన్ని డిగ్రీలు, గాలిలో తేమ ఇంత అని చదివేవాణ్ణి. ఆమె విని, కొంచెం ఆగి, "సరే బావా" అనేది. విశాలను పిలవమని అడిగేది కాదు. నేను చెప్పేవాణ్ణి కాదు. పొద్దున ఒక మనిషి ఫోన్ చేస్తుందని తెలిసి లేవడం ఒక్కటే నాకు అప్పుడు మిగిలింది. చెబితే అదీ ఆగిపోతుంది.

జులై వచ్చింది. ఇది ఫోన్లో చెప్పే మాట కాదని తేలిపోయింది. విశాల పనిచేసిన ఊళ్లు ఆమె వెళ్లిన వరసలోనే చూసుకుంటూ వెళ్లి, చివర భూలక్ష్మికి ఎదురుగా చెప్పాలని బయలుదేరాను. రెండు ఫోన్లూ సంచిలో పెట్టుకున్నాను.

జగిత్యాల

దిగేసరికి పొద్దు వాలింది. వేడి మాత్రం దిగలేదు. బస్టాండ్ దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గదిలో కూలర్ ఉంది, కూలర్లో నీళ్లు లేవు. కింద కూర్చున్న మనిషిని అడిగితే, "ట్యాంకర్ రాలే సార్. తాగెటందుకే సూస్తున్నం, కూలర్లకు ఏడికెళ్లి తేవాలె?" అన్నాడు. కాసేపటికి తనే పైకొచ్చి ఒక విసనకర్ర ఇచ్చి వెళ్లాడు.

పొద్దున పక్క హోటల్లో ఉప్మా తిన్నాను. మా వైపు ఉప్మాకు అల్లం పచ్చడి ఉండాలి. ఇక్కడ పల్లీల చట్నీ, పలచగా, ప్లేటు నిండా పోస్తారు. ముప్పై రూపాయలు. ఎదురు బెంచీ మీద బీర్పూర్ నుంచి వచ్చిన రైతు ఒకాయన, గోనెసంచిలో చుట్టిన మోటారు సామాను కాళ్ల మధ్య పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు.

"ఏ ఊరు సార్ మనది?"

"తెనాలి."

"ఆడ వానలున్నయా?"

మా వైపు రైల్లో ఎదుటి మనిషి ముందు ఊరు, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత ఇంటిపేరు అడుగుతాడు. ఈ ప్రయాణంలో నన్ను పలకరించిన వాళ్లందరూ ఊరి తర్వాత వానే అడిగారు.

"రెండు మూడు జల్లులు పడ్డాయి" అన్నాను. నిజానికి నాకు తెలియదు.

"ఈడ సుక్క లేదు. మిరుగం కార్తెల నాలుగు సినుకులు రాలినయి. నమ్మి నారు పోసిన. ఇప్పుడు మడి నెర్రెలు వట్టింది. బోరు ఆగి ఆగి పోస్తంది."

"నిన్నెవడు నమ్ముమన్నడు?" అన్నాడు గల్లా దగ్గర కూర్చున్న హోటలాయన.

"ఫోన్ల సూపెట్టిండ్రు గదనే, మూడొద్దుల వాన అని."

"అయితే ఫోన్లనే పడ్డది గావచ్చు."

రైతు నవ్వాడు. నా వైపు తిరిగి, "సారూ, మీ సముద్రం దిక్కు తుపానులు లేస్తయి గద. ఒక్కటి గిటు మల్లియ్యరాదు?" అన్నాడు.

"ఊకో. తుపాను అచ్చిందంటే నీ నారు గాదు, నీ ఇల్లే కొట్టుకపోతది" అన్నాడు హోటలాయన.

"పోతే పోనీ. నానినంకనే గదా పోయేది."

అప్పుడే సంచిలో విశాల ఫోన్ మోగింది. బయటికి వచ్చి తీశాను.

"తెనాలిలో ముప్పై ఆరమ్మా. మధ్యాహ్నం జల్లు పడొచ్చు" అన్నాను, అంతకుముందే చూసిపెట్టుకున్నది. నా వెనక జగిత్యాల డిపో బస్సు గట్టిగా హారన్ కొట్టింది.

"బస్సుల సప్పుడు ఇనవడ్తంది బావా."

"రోడ్డు మీద ఉన్నాను."

"సరే బావా" అంది. ఈసారి కొంచెం ఎక్కువసేపు ఆగి పెట్టేసింది.

లోపలికి వచ్చాక రైతు అడిగాడు, "ఒక్కరే అచ్చిండ్రా సార్? అమ్మ రాలేదా?"

"రాలేదు."

"మంచి పని జేసింది. గీ ఎండలకు మనిషి తిరుగుతడా?"

విశాల చెప్పిన గుర్తుల ప్రకారం ఆమె పనిచేసిన బ్యాంకు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఇక్కడ గాలి దుమారం లేచిన మర్నాడు బ్యాంకులో ప్రతి సొరుగులోనూ రాలిన మామిడికాయలుండేవని, ఖాతాదారులు అప్పు అడగటానికి వచ్చి ముందు కాయలు పెట్టేవారని ఆమె చెప్పింది. ఆ సంగతి గుర్తుచేసుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డాను. "లోపలికి రాండ్రి సార్, ఏసీ ఉన్నది" అని పిలిచారు. ఇక్కడ బ్యాంకు ఉండేదా అని అడిగాను. ఎవరికీ తెలియదు. ఊరికే నిలబడటం బాగుండక ఒక ఛార్జర్ కొన్నాను.

కోరుట్ల

కోరుట్లలో ఆమె ఉన్న వీధి పేరు నాకు తెలుసు. ఇల్లు తెలియదు. ఒక అరుగు మీద నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతుంటే అక్కడ అడిగాను. వేళ్లు ఆగలేదు. వాళ్లలో పెద్దామె నర్సవ్వ, "నిలవడి అడుగుతవేంది సారూ, కూసో" అంది. కూర్చున్నాను. కూర్చున్నది తునికాకు మీద కప్పిన తడి గోనె మీద.

లేచేసరికి ప్యాంటు వెనక భాగం తడిసింది. నలుగురూ నవ్వారు.

"మా ఆకు సల్లవడాలె గని, సారు సల్లవడ్డడు" అంది ఒకామె.

వానాకాలంలో గోనె తడపాల్సిన పని ఉండదట. గాలిలోనే తేమ ఉంటుంది, ఆకు మెత్తగా మడత పడుతుంది. ఈ ఏడు పొడిగాలి. కత్తిరించేలోపే ఆకు పెళుసెక్కి విరుగుతోంది. తడుపుదామంటే నల్లాలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. ముసురు పడితే ఇంకో తిప్పలు, చుట్టిన బీడీలు ఆరవు, కంపెనీ వాళ్లు తిప్పిపంపుతారు. "ఆకుకేమో సల్లగుండాలె, బీడీకేమో ఎండుండాలె. ఆ దేవునికి గూడ సమజ్ గాదు, మాకేం గావాల్నో" అంది నర్సవ్వ.

బ్యాంకులో పనిచేసిన విశాల అని చెప్పాను. ఆమె బీడీ కొస మడుస్తూ ఆలోచించింది.

"గొడుగు మేడమా?"

నాకు తెలియదన్నాను.

"ఎండకు గొడుగు వట్టుకొని పోతుండె. వాన లేకుంట గొడుగేందని మేం నవ్వుతుంటిమి. గా మూల గదిలనే ఉన్నది. పోతా పోతా గీ అరుగు మీద కూసునేది. ఇయ్యాల ఎండెట్లుందే నర్సవ్వా అని అడుగుతుండె. సూస్తలేవా మేడం అంటే, నాకు గొడుగడ్డమున్నది, నువ్వు జెప్పు అంటుండె." మిగతా ఆడవాళ్లు నవ్వారు. నర్సవ్వ నవ్వుతూనే నా వైపు చూసింది. "మంచిగున్నదా మేడం?"

చెప్పొచ్చు. నలుగురు తెలియని ఆడవాళ్లు, మళ్లీ చూడబోని ఊరు. ఇంతకంటే సులువైన చోటు దొరకదు.

"ఆఁ" అన్నాను.

"గొడుగు మర్సిపోవద్దని జెప్పుండ్రి. ఇప్పుడు మేం గూడ వట్టుకుంటున్నం."

మూల గదికి తాళం ఉంది. కిటికీ రెక్క ఊడి వేలాడుతోంది. ఆ సాయంత్రం సర్వపిండి తిన్నాను, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి వేసి గిన్నెకే అద్ది కాల్చే రొట్టె. అంత కారం నేను తినలేను. విశాల తెనాలిలో రెండుసార్లు చేసింది. రెండుసార్లూ పెళుసెక్కిందని నేను వంక పెట్టాను. పెళుసుగా ఉండటమే దాని లక్షణమని ఇక్కడ తెలిసింది.

మర్నాడు పొద్దున ఫోన్ మోగినప్పుడు లాడ్జి మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. తీయలేదు. మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. ఎప్పుడూ ఒక్కసారే చేసేది.

చందుర్తి దగ్గర

సిరిసిల్ల వెళ్లే బస్సును చందుర్తి దాటకముందే ఆపేశారు. రోడ్డుకు అడ్డంగా ఆడవాళ్ల గుంపు. ఇద్దరు ఒక రోకలిని చెరో కొస భుజాన పెట్టుకున్నారు. రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో తడిగుడ్డలో ఒక కప్పను కట్టారు. కప్పతల్లి అంటారట. వాన రాకపోతే ఇల్లిల్లూ తిప్పుతారు, ఇంటివాళ్లు చెంబెడు నీళ్లు కప్ప మీద పోస్తారు. డ్రైవరు ఇంజను ఆపి, తన సీసా తీసుకుని దిగాడు.

మా డెల్టాలో వాన కోసం ఎవరూ కప్పను మోయరు. కాలువకు నీళ్లెప్పుడు వదులుతారని అడుగుతాం. ఆకాశం వైపు చూసే అలవాటు మాకు తక్కువ.

అందరితో పాటు దిగాను. నా సీసాలో సగం నీళ్లున్నాయి. ఎండ చూసి, కొంచెం పోసి మూత పెట్టబోయాను.

"గింతనేనా సారూ? మిగిలినయి మనవలకు దాస్తున్నవా?" అంది రోకలి మోస్తున్నామె. బస్సంతా నవ్వింది.

మొత్తం పోశాను. కప్ప కళ్లు మూసి తెరిచింది. తర్వాత దాన్ని ఏం చేస్తారని అడిగాను.

"ఏం జేస్తం, ఇడిసిపెడ్తం. పాపం, అది గూడ వానకే సూస్తంది" అందామె.

సిరిసిల్ల చేరేలోపే గొంతు ఎండిపోయింది. పక్క సీటు ముసలాయన తన సీసా ఇవ్వబోయాడు. దాన్నీ కప్ప మీదే ఖాళీ చేశానని ఆయనకు అప్పుడు గుర్తొచ్చి, ఇద్దరం దాని వైపు చూశాం.

సిరిసిల్ల

ఇక్కడ వీధిలో నడుస్తుంటే ముందు వినిపించేది మరమగ్గాలు. వీళ్లు సాంచెలంటారు. రేకుల షెడ్లు, లోపల ఒకటే చప్పుడు. భూలక్ష్మి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మంలో కూర్చుని చిన్న మోటారు మీద కండెలకు నూలు చుడుతోంది. ఫోటోల్లో చూసినదానికంటే సన్నగా ఉంది. జుట్టు ముందువైపు నెరిసింది.

నన్ను చూసి లేచింది. "బావా" అంది. తర్వాత నా వెనక సందు వైపు, మలుపు దాకా చూసింది.

"అక్క ఎనుక అస్తున్నదా?"

"లేదమ్మా. విశాల చనిపోయింది. ఏప్రిల్లో."

మోటారు తిరుగుతూనే ఉంది. నూలు తెగి, ఉత్త కండె తిరుగుతోంది. ఆమె వంగి స్విచ్ తీసేసింది. గడప మీద కూర్చుంది.

"ఏప్రిల్లనా?"

"అవును."

"మరి గిన్ని దినాలు నాతోని..."

కొంగుతో మొహం తుడుచుకుని తనే అంది. "అక్కకు పాణం బాగలేదనుకున్న. మంచంల వడ్డదనుకున్న. అక్కయితే పిండి పొంగింది అంటుండె, తలుపు వడ్తలేదు అంటుండె. మీరు డిగ్రీలు జెప్పవడ్తిరి. గా ఇంట్ల పిండి రుబ్బుడు బందయిందని ఎరుకైంది. అడిగితే ఏం జెప్తరోనని అడగలే. ఇయ్యాల పొద్దుగాల ఫోన్ లేపకపోతే పాణమంత ఆగమైంది."

"నేను చెప్పాల్సింది."

"నేను అడగాల్సింది" అంది.

లేచి లోపలి నుంచి దొడ్లోకి వెళ్లింది. గుమ్మంలోంచి దొడ్డి కనిపిస్తుంది. గోడ వార నాలుగు బిందెలున్నాయి. రెండు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. నిండుగా ఉన్నవాటిలో ఒకటి ఎత్తి, కట్టుకున్న చీరతోనే తల మీద పోసుకుంది.

పక్కింటి గోడ మీంచి ఒకామె తొంగి చూసింది. "ఏందే భూలక్ష్మీ, గిప్పుడు తలకు వోసుకుంటున్నవ్? ఎవలు పోయిండ్రు?"

"మా అక్క."

"నీకు అక్కెక్కడిదే?"

"తెనాలి అక్క. బ్యాంకుల జేసింది."

"గామెనా. మీ కులమా, మీ ఇంటిపేరా? ఆమెకు నువ్వు తానం జేసుడేంది? నల్ల ఎల్లుండి గాని రాదు. తాగెటందుకేం జేస్తవ్?"

"ఏమన్న జేస్త" అంది భూలక్ష్మి. రెండో బిందె ఎత్తింది.

చావు కబురు విన్నప్పుడు తలస్నానం చేయడం మా వైపూ ఉంది. రక్తసంబంధం ఉన్నవాళ్లు చేస్తారు. విశాల పోయినప్పుడు ఆమె తమ్ముడు చేశాడు. మిగతావాళ్లు మొహం కడుక్కుని వెళ్లారు. నేను గుమ్మంలో నిలబడి, ఒక ఇంట్లో రెండు రోజులకు సరిపడే నీళ్లు ఆమె తల మీంచి జారి మట్టిలోకి ఇంకిపోవడం చూశాను. ఏప్రిల్ తర్వాత నాకు ఏడుపు రావడం అదే మొదటిసారి.

పక్కింటామె గోడ దగ్గర లేదు. కాసేపటికి మళ్లీ వచ్చి, నిండు బిందె ఒకటి గోడ మీదికి ఎత్తి పెట్టింది. "వట్టుకోవే. ఇగ వోసుకోకు" అంది.

భూలక్ష్మి భర్త మల్లేశం షెడ్డు నుంచి వచ్చాడు. విషయం విని, నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. చేతులకంటిన నూలు పొట్టు దులుపుకున్నాడు. తర్వాత, "రేకుల కింద నిలవడొస్తలేదు అన్నా. గాలి పొడిగున్నది. పోగు ఊకె తెగుతంది" అన్నాడు.

"మా దగ్గర ఉక్కపోత" అన్నాను.

"ఉక్కపోత ఉంటే నూలుకు మంచిదే."

"మనిషికి కాదు."

"మనిషికి కాదు" అని ఒప్పుకున్నాడు.

ఆమె పచ్చిపులుసు, పప్పు చేసి పెట్టింది. తడి జుట్టు ముడేసుకుని, మాకు వడ్డించి, తను దూరంగా కూర్చుంది. అక్క వాన పడే ముందు ఎప్పుడూ తుమ్మేదని, తుమ్మగానే తను మిద్దె మీది మిరపకాయలు తీసేదని చెప్పింది. మా ఇంట్లోనూ తుమ్మేది. జలుబనుకుని నేను మాత్రలు తెచ్చేవాణ్ణి.

బయలుదేరేటప్పుడు చావు జరిగిన ఇంట్లోంచి లేచినట్టే లేచాను. వెళ్లొస్తానని అనలేదు. ఆమె కూడా పోయి రమ్మని అనలేదు. మళ్లీ ఫోన్ చేస్తావా అని అడగాలని సందు మలుపు దాకా అనుకున్నాను. అడగలేదు.

తెనాలి

ఇంటికి వచ్చి కొత్త ఛార్జర్‌తో విశాల ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టాను. మర్నాడు కాఫీ పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. అనుకున్నంతా అయిందనుకున్నాను. అయినా వాతావరణం చూసిపెట్టుకున్నాను.

తర్వాతి రోజు స్టవ్ దగ్గర ఉండగా మోగింది.

"మూడొద్దులు మైల వట్టిన బావా. గందుకే ఫోన్ జెయ్యలే" అంది భూలక్ష్మి. "ఆడ మొగులెట్లుంది?"

డిగ్రీలు నా నోటిదాకా వచ్చాయి. "ఉండమ్మా" అని వరండాలోకి వెళ్లి తల ఎత్తి చూశాను.

"పడమట నల్లగా ఉంది. గాలి లేదు. నిన్న ఉతికిన చొక్కా ఇంకా తడిగానే ఉంది."

"ఏడ ఏసిండ్రు?"

"లోపల. కుర్చీ మీద."

"లోపటేస్తే ఎన్నడు ఆరాలె బావా? అక్క మిద్దె మీద తీగెకు ఏస్తుండె గద. పోయి ఏయుండ్రి."

"వాన వచ్చేట్టుంది."

"అస్తె ఉరికి తీద్దురు."

ఫోన్ చెవి దగ్గర పట్టుకునే మెట్లెక్కాను. తీగ మీద విశాల పెట్టిన క్లిప్పులు అలాగే ఉన్నాయి. ఎండకు వెలిశాయి గానీ పట్టు ఉంది. చొక్కా వేశానని చెప్పాను. ఆమె మల్లేశం పిలుస్తున్నాడని పెట్టేసింది. నేను కిందికి రాలేదు. ఎప్పుడు తీయాలో తెలియాలి కదా, మబ్బు వైపు చూస్తూ అక్కడే నిలబడ్డాను.